మన ఉత్తరము మన యింట నుండవలెనా?

పూర్వము మన ఇండ్లలో దూలమునకు వ్రేలాడు ఇనుపతీగ యొకటి ఉండెడిది. తపాలా జవాను తెచ్చిన కార్డును చదివి, ఇంటిల్లిపాదికి వినిపించి, దానిని ఆ తీగకు గుచ్చివేసినంతనే ఉత్తరమును గూర్చిన గృహస్థుని బాధ్యత తీరిపోయెడిది; అది ఎవరి యధీనమున ఉన్నదను ప్రశ్న ఎవ్వరికిని తోచెడిది కాదు. నేడు బెజవాడ గాంధీనగరములో కూర్చుండి మనము చదువు ఈమెయిలు అట్టిది కాదు. తెరమీద అక్షరములు కన్పట్టినంతనే ఉత్తరము చేతికందినదని భ్రమించుట సహజమే. వాస్తవమున అది ఏ దూరప్రదేశమందలి సర్వరులోనో ఉండి, మనము అడిగినప్పుడెల్ల తన రూపమును చూపి ఊరకుండవచ్చును. కావున ఈ అధ్యాయమున విచారింపదలచిన విషయమిది: మనము వాడు ఈమెయిలు ప్రోగ్రాము, వచ్చిన ప్రతి సందేశమునకును ఒక ప్రతిని మన కంప్యూటరులో ఉంచవలెనా, అక్కరలేదా? ఉంచవలెననియే నా నిశ్చయము. అయితే ఆ ప్రతి ఎట్టిదై ఉండవలెను, దానిని దేనినుండి కాపాడుకొనవలెను అను ప్రశ్నలకు సమాధానము తెలియనివానికి ఆ నిశ్చయము మేలుకంటె కీడునే ఎక్కువగా చేయగలదు.

ఈ సందేహము నిన్న మొన్న పుట్టినది కాదు. ఉత్తరమును సర్వరునుండి దింపుకొని ఇంటికి తెచ్చుకొను పద్ధతి 1984లో రూపొందినది. పోస్టాఫీసు పేరనే వెలసిన దానిని సంక్షేపముగా పాప్ అందురు. ఆ పద్ధతిలో కంప్యూటరు సర్వరును పిలుచును, వచ్చిన ఉత్తరములను దింపుకొనును, దింపుకొన్నవానిని అక్కడ చెరిపివేయుమనును. అటుపిమ్మట ఇంటనున్న ప్రతియే ఏకైక ప్రతి. రెండేండ్లకు, 1986లో, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అను నతడు దీనికి విపర్యయమైన ఐమ్యాప్ పద్ధతిని కల్పించెను. అందు ఉత్తరములు సర్వరులోనే నిలిచియుండును. ఇంటి యంత్రము, కచ్చేరి యంత్రము, ఒకే పెట్టెలోనికి తొంగిచూచును. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టును అందించిన తొలి సంవత్సరములలో, టెలిఫోను మీటరు తిరుగుచుండగా తీరికగా ఉత్తరము చదువుకొను సాహసము ఎవ్వరును చేయలేదు. మోడెము కీచుమని అరచి కలిసినంతనే ఉత్తరములు దింపుకొనుట, లైను కట్ చేయుట, నిదానముగా చదివి జవాబులు వ్రాసి మరల ఒకసారి కలిపి పంపుట, ఇదియే ఆనాటి ధర్మము. ఇంటి ప్రతి అప్పుడు విలాసము కాదు, అవసరము. 2004 ఏప్రిల్ 1న 1 జీబీ స్థలముతో జీమెయిలు వెలువడినది. అప్పటికి హాట్‌మెయిలు ఉచితముగా ఇచ్చుచున్నది 2 ఎంబీలు మాత్రమే. ఇక దేనిని చెరుపనక్కరలేదు, దేనిని దింపుకొననక్కరలేదు అను ధైర్యము లోకమునకు ఆ దినముననే కలిగినది. ఆ ధైర్యమే మనలను కొంత మైమరపించినదని కూడ నేననుకొందును.

నేడు మనవారు ఉత్తరములు చదువు మార్గములు ముఖ్యముగా మూడు. బ్రౌజరులో చదువువారికి మన యంత్రమున నిలుచునది దాదాపు శూన్యము; జీమెయిలునందలి ఆఫ్‌లైన్ సదుపాయమును మనమే తెలిసి ప్రారంభించుకొన్నచో 7, 30, లేదా 90 దినముల ఉత్తరములను అది అట్టిపెట్టును, అంతకు మించి పెట్టదు. ఫోనులోని ఆప్ సాధారణముగా ఇటీవలి నెలనాళ్ళ ఉత్తరములనే దగ్గర ఉంచుకొని, తక్కినవానిని వ్రేలు కదిపినప్పుడు సర్వరునుండి తెచ్చి చూపును. మూడవది కంప్యూటరులో ప్రత్యేకముగా స్థాపించుకొను ప్రోగ్రాము. వీనిలో థండర్‌బర్డు మనము వలదనకున్నచో ఉత్తరముల నన్నిటిని పూర్తిగా దింపియుంచును. ఔట్‌లుక్ సంస్థల ఖాతాలకు సాధారణముగా ఒక్క ఏడాది ఉత్తరములనే దగ్గర పెట్టుకొని, అంతకు వెనుకటివి కావలెనన్నచో సర్వరునందు మరికొన్ని కలవని అడుగున ఒక వాక్యము చూపును. నెట్ లేనివానికి ఆ వాక్యమువలని ప్రయోజనమేమో దానిని వ్రాసినవారే చెప్పవలెను.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. దీనిని గ్రహింపకపోవుటచేతనే వివేకవంతులు సైతము నష్టపోవుచున్నారు. ఐమ్యాప్ పద్ధతిలో మన యంత్రమునకు వచ్చు ప్రతి స్వతంత్రమైనది కాదు. మీ కుమారుడు ఫోనులో స్థలము చాలలేదని ఒక ఫోల్డరును చెరిపివేసినను, మీ పాస్‌వర్డు దొంగిలించినవాడు ఇన్‌బాక్సును ఊడ్చివేసినను, కంపెనీవారు ఖాతాను ఖాళీచేసినను, మీ కంప్యూటరు నెట్‌తో కలిసిన మరుక్షణమున అదే చెరిపివేతను విధేయముగా ఇంటి ప్రతికిని వర్తింపజేయును. కృష్ణా డెల్టా గ్రామములవారికి ఈ భేదమును వేరుగ బోధింపనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకొందురు. కాలువలో నీరు పారుచున్నది గదా, చెరువెందులకని ఎవ్వరును అడుగరు. కాలువ కట్టివేసిన పిదప చెరువునీరు దానివెంట వెనుకకు పోదు. పోవునట్టిదే అయినచో అది చెరువు కాదు, కాలువలో కొంత వెడల్పైన భాగము మాత్రమే. ఐమ్యాప్ ప్రోగ్రాము తనంతట తాను ఉంచు ప్రతి అట్టి వెడల్పైన భాగము. నెట్ ఆగిన గంటలలో అది దాహము తీర్చును, సందేహము లేదు; శాశ్వతముగా ఆగినపుడు దానిని నమ్ముకొనరాదు.

ఇప్పుడు మన ఊరి సంగతి చూతము. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మున్నగు ప్రాంతములను ముంచెత్తినది. మరునాడు ప్రకాశం బ్యారేజికి 11.4 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి, 2009 అక్టోబరు నాటి రికార్డును దాటిపోయినది. కరెంటు లేదు, మొబైలు సిగ్నలు లేదు. కొన్ని వీధులలో వారము దాటినను నీరు తీయలేదు. ఇట్టి దినములలో ఇద్దరిని ఊహించుకొందము. ఒకడు మేడమీద నివసించు అకౌంటెంటు. వ్యాపారుల ఇన్వాయిసులన్నియు అతని ఈమెయిలులో ఉన్నవి. జీఎస్టీ రిటర్నులలో మొదటిదాని గడువు 11వ తేదీ, రెండవదానిది 20వ తేదీ. ల్యాప్‌టాపులో బ్యాటరీ ఉన్నది, ఇన్వర్టరు కొంత మిగిలియున్నది, కాని అతడు చదువునది బ్రౌజరులో. తెర తెల్లగా నిలిచిపోయినది. రెండవవాడు క్రింది అంతస్తున దుకాణము గలవాడు. పాతకాలపు అలవాటుచొప్పున పాప్ పద్ధతిలో ఉత్తరములన్నియు తన కంప్యూటరులోనికే దింపుకొని, సర్వరులో చెరిపివేయుచు వచ్చినవాడు. అతని సీపీయూ నీటిలో మునిగినది. నీరు తీసిన పిదప మొదటివానికి ఉత్తరములన్నియు యథాతథముగా దొరకినవి. రెండవవానికి బీమా పాలసీ పీడీఎఫ్ సైతము దొరకదు, ఏలయన అదియు ఆ యంత్రములోనే ఉండినది. అనగా అదే వరద స్థానిక ప్రతి లేనివానిని పది దినములు ఏడిపించినది, స్థానిక ప్రతి మాత్రమే గలవానిని శాశ్వతముగా ఏడిపించినది. ఈ రెండింటిలో ఏది హెచ్చు అని తూచుట అనవసరము. రెండును నివారింపదగినవే.

నెట్ ఆగుటకు వరదయే రానక్కరలేదు. 2022 మే 24న అమలాపురమున అల్లర్లు చెలరేగిన పిమ్మట కోనసీమలో ఇంటర్నెట్టు సేవలు దినములతరబడి నిలిచిపోయినవి. కరోనా నాటినుండి ఇంటనుండియే ఉద్యోగము చేసికొనుచున్న యువకులకు ఆ దినములలో సొంత ఇల్లే పరాయిదైనది. గోదావరి డెల్టాకు వచ్చినది కృష్ణా డెల్టాకు రాదని ఎవ్వరును పూచీపడలేరు. ఇవన్నియు తాత్కాలికములు, శాశ్వతముగా ఖాతా పోవు మార్గములు వేరు. రెండేండ్లు ముట్టుకొనని వ్యక్తిగత ఖాతాలను గూగులువారు 2023 డిసెంబరునుండి తొలగింప నారంభించిరి. అమెరికాలోని కొడుకు తెరచి ఇచ్చిన ఖాతాను పండుగకొకసారి కూడ చూడని తల్లిదండ్రులు మన ఉయ్యూరులో, అవనిగడ్డలో ఎందరు లేరు? కాలేజీ ఇచ్చిన ఖాతా పట్టము పుచ్చుకొనిన తరువాత ఎంతకాలముండునో కాలేజీ ఇష్టము. ఉద్యోగమిచ్చిన ఖాతా రాజీనామానాటి సాయంకాలమునకే మూసుకొనును. జీమెయిలు ఉచితముగా ఇచ్చు 15 జీబీలు ఫొటోలతో నిండిపోయినచో క్రొత్త ఉత్తరములు లోనికి రానేరావు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు లోపమువలన జీమెయిలువారిలో 0.02 శాతము మందికి ఇన్‌బాక్సులు ఖాళీగా కనబడినవి. వేరువేరు కేంద్రములలోని ప్రతులన్నిటికిని ఆ లోపము సోకుటచే, తుదకు నెట్‌తో సంబంధములేక విడిగా దాచియుంచిన టేపులనుండి వానిని పునరుద్ధరించిరి. లోకమునకంతకు సర్వరులు నడుపువారే విడి ప్రతిని దాచుకొనుచుండగా, దాచుకొననక్కరలేదని మనకు ధైర్యము చెప్పువారి మాట ఎంతవరకు వినవలెనో మీరే ఆలోచింపుడు.

ప్రతులు వ్రాయించుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. కర్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫియతుల చరిత్ర చూడుడు. ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనువారు, ఆయనకు కుడిభుజములై, ఊరూర కరణముల కవిలెలనుండియు వృద్ధుల నోటినుండియు స్థానిక చరిత్రలను వ్రాయించి తెచ్చిరి. 1821లో మెకంజీ గతించెను. ఆ కాగితములు కాలక్రమమున శిథిలములగుచుండుట చూచి, ఒకప్పుడు మచిలీపట్టణమున ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను లేఖకులను నియమించి వానికి నకళ్ళు వ్రాయించెను. లోకల్ రికార్డులను పేర అవి నిలిచినవి. మూలము చీకిపోయిన చోట్ల నేటి పరిశోధకునకు ఆ నకలే ఆధారము. బ్రౌను చేసిన పనిలో గమనింపదగినది మరియొకటి కలదు: అతడు నకలు వ్రాయించినది మూలము మొత్తము నశించిన తరువాత కాదు, చదువ వీలుగా ఉన్నప్పుడే. నకలు తీయుటకు తగిన కాలము ఎల్లప్పుడును అది అనవసరమని తోచు కాలమే.

ప్రతిపక్షమువారి వాదములో బలము లేదని చెప్పను. ఇంటనున్న ప్రతి దొంగకు అందుబాటులో ఉన్న ప్రతి. మీ బ్యాంకు స్టేటుమెంట్లు, ఆధార్ ప్రతులు, వైద్యపరీక్షల ఫలితములు, క్లయింట్ల లెక్కలు, అన్నియు ఒక్క ల్యాప్‌టాపులో ఉన్నప్పుడు దానిని పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో మరచిపోయినచో పోవునది యంత్రము మాత్రమే కాదు. రిపేరుకిచ్చినప్పుడును, పాతదానిని ఎక్స్ఛేంజి క్రింద అమ్మివేసినప్పుడును ఇదియే ప్రమాదము. 2017 మే నెలలో వనాక్రై అను రాన్సమ్‌వేరు లోకమును చుట్టుముట్టినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులు కొన్ని కూడ దానికి చిక్కినవి. అట్టి వైరసు మన యంత్రమున ప్రవేశించినచో ఉత్తరముల ఫైలునైనను విడిచిపెట్టదు, ఆ క్షణమున తగిలించియున్న బయటి హార్డ్‌డిస్కునైనను విడిచిపెట్టదు. కంపెనీ ఉత్తరములను ఇంటి కంప్యూటరులో దాచుకొనుట ఉద్యోగికి అనేక చోట్ల నిషిద్ధము, న్యాయముగా నిషిద్ధము. ఈ అధ్యాయములోని సలహాలన్నియు మీ సొంత ఖాతాకు, మీ సొంత వ్యాపారమునకు మాత్రమే. ఇక స్థలము చాలదను వాదము మాత్రము నాకు పస లేనిదిగా తోచును. కేవల వచనముగల ఉత్తరము కొద్ది కిలోబైట్లే, బరువంతయు అటాచ్‌మెంట్లది. అటాచ్‌మెంటు ఈమెయిలులో ప్రయాణించుటకై అక్షరరూపము దాల్చునపుడు దాని పరిమాణము మూడవవంతు పెరుగును కూడ. ప్రోగ్రాముకర్తలు వచనమునంతటిని తప్పక దింపి, అటాచ్‌మెంట్ల విషయము మనలను అడిగినచో తగవే ఉండదు.

కావున నా తీర్పు ఇది. ప్రోగ్రాము తనంతట తానుగా ఉత్తరములకు పూర్తి ప్రతి నుంచవలెను. ఒక ఏడాది, ఒక నెల అని దానికై అది హద్దు గీయరాదు. గీయవలసినవాడు ఉత్తరము గలవాడు. ఉంచిన ప్రతి మరియొక ప్రోగ్రాము చదువగల రూపమున ఉండవలెను. థండర్‌బర్డు వాడు ఎంబాక్స్ రూపము దశాబ్దములనాటిది, సామాన్యమైనది, వచనముతో నిండిన ఫైలు. మరేమియు లేనప్పుడు నోట్‌ప్యాడులో తెరచినను కొంత బోధపడును. ఔట్‌లుక్ వారి పీఎస్టీ అట్లు కాదు. 2002 నాటి ఔట్‌లుక్ వరకు ఆ ఫైలు 2 జీబీలకు చేరినంతనే మొరాయించెడిది. ఆనాడు పీఎస్టీ రిపేరు చేయించుకొనుటకై కంప్యూటరు షాపుల చుట్టు తిరిగినవారికి ఈ వాక్యము చాలును. ఇటీవల బ్రౌజరు పుటనే ఒక కిటికీలో బిగించి ప్రోగ్రాము అని పిలుచు ఆచారము ప్రబలుచున్నది. దానిని నేను మెచ్చను.

ఇక మీరు చేయవలసినది. ఇంట ఒక్క కంప్యూటరులోనైనను థండర్‌బర్డు వంటి ప్రోగ్రామును స్థాపించి, మీ ఖాతాను ఐమ్యాప్ పద్ధతిలోనే చేర్పుడు. పాప్‌కు మరలనక్కరలేదు, రెండు మూడు యంత్రములు గలవారికి అది చిక్కులు తెచ్చును. అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ అను చోట, ఈ ఖాతా సందేశములను ఈ కంప్యూటరులో ఉంచుమను గడి టిక్కుచేయబడి ఉన్నదో లేదో చూడుడు. దాని క్రిందనే ఇన్ని దినముల వరకు మాత్రమే అను హద్దు ఉన్నచో తీసివేయుడు. ఔట్‌లుక్ వాడువారు ఖాతా సెట్టింగులలో ఆఫ్‌లైనుగా ఉంచవలసిన కాలమును సూచించు స్లైడరును కుడిచివరకు జరిపి, ఆల్ అని నిలుపవలెను. మొదటిసారి దింపుటకు ఒక రాత్రి పట్టవచ్చును; పట్టనిండు. ఇంతటితో అయినది కాలువ వెడల్పు చేయుట మాత్రమే. చెరువు త్రవ్వుటకు థండర్‌బర్డులో ఎడమప్రక్క అడుగున లోకల్ ఫోల్డర్స్ అను చోటు కలదు. అది ఏ సర్వరుతోను సంబంధము లేనిది. అందు సంవత్సరమునకొక ఫోల్డరు తెరచి, గడచిన ఏటి ముఖ్యమైన ఉత్తరములను అందులోనికి కాపీ చేయుడు. మూవ్ అని నొక్కకుడు, కాపీ అనియే నొక్కుడు. మూవ్ చేసినచో సర్వరులోని ప్రతి పోయి, వరదలో సీపీయూ మునిగిన ఆ దుకాణదారుని స్థితియే మీకును వచ్చును. ఇంత ఓపిక లేనివారు గూగుల్ టేకౌట్ అను సదుపాయముద్వారా ఉత్తరములన్నిటిని ఒక్క ఎంబాక్స్ ఫైలుగా తెప్పించుకొనవచ్చును. ఏటికొకసారి, ఆర్థిక సంవత్సరము ముగిసిన ఏప్రిల్ నెలలో, ఆ పని పెట్టుకొన్నచో జ్ఞాపకముండును.

ఆ ఫైలును బయటి హార్డ్‌డిస్కునకు ఎక్కించి, పని ముగిసినంతనే దానిని ఊడదీయవలెను. రాన్సమ్‌వేరునకు మందు ఆ ఊడదీయుటయే. పాస్‌వర్డు పెట్టి ఎన్‌క్రిప్టు చేయుట మరువరాదు, ఆ పాస్‌వర్డును భార్యకో భర్తకో తెలియజేయుటయు మరువరాదు. ఇంటి పెద్ద హఠాత్తుగా మరణించినచో పాలసీ నంబరు కొరకు కుటుంబము పడు పాట్లు చూచినవారికి ఈ మాట చేదుగా తోచదు. డిస్కును ఎక్కడ ఉంచవలెను? క్రింది అంతస్తున బీరువా అడుగున మాత్రము కాదు. మరియొక ప్రతిని డెల్టా వెలుపల నున్న బంధువు వద్ద ఉంచుట మంచిది. బెజవాడ ప్రతికి గుడివాడ ప్రతి తోడనుకొనువారు, బుడమేరు ఏ దారిన కొల్లేటికి పోవునో ఒకసారి పటము తీసి చూడవలెను. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను ఎరిగినవారు ఒకే నేలమీద రెండు ప్రతులుంచుకొని నిశ్చింతగా నిద్రపోలేరు. హైదరాబాదులోని కూతురింట ఒక చిన్న పెన్‌డ్రైవునకు చోటు దొరకకపోదు. అయితే పెన్‌డ్రైవును ఏండ్ల తరబడి కదల్పక నమ్ముట తగదు; పండుగకు వచ్చినపుడు మార్చుచుండవలెను.

ఏది ఉంచవలెను, ఏది పారవేయవలెను? ఓటీపీలు, ఆఫర్లు, స్విగ్గీ రసీదులు దాచుటవలన ముఖ్యమైనవి వెదకునపుడు అడ్డుపడుట తప్ప ప్రయోజనము లేదు. జీఎస్టీ క్రింద నమోదైన వ్యాపారి తన లెక్కలను, వానికి ఆధారములైన పత్రములను, వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు ఉంచవలెనని చట్టము. కంపెనీలు 8 ఆర్థిక సంవత్సరముల లెక్కలు ఉంచవలెను. గొల్లపూడి హోల్‌సేలు మార్కెట్టులోని వర్తకునికైనను, ఆటోనగరులోని విడిభాగముల వ్యాపారికైనను, బేరము కుదిరిన ఉత్తరమే తరచుగా ఒప్పందపత్రము. అట్టివానిని ప్రింటు తీసి ఫైలులో పెట్టుట చాలదు. విద్యుద్రూపమున నిలువచేయు పత్రము పిమ్మట చూచుకొనుటకు వీలుగా ఉండవలెననియు, పుట్టిన రూపముననైనను, దానిని యథార్థముగా చూపు రూపముననైనను ఉండవలెననియు, ఎక్కడనుండి ఎక్కడికి ఏ తేదీన ఏ వేళకు పోయినదో తెలుపు వివరములు దానితో ఉండవలెననియు 2000 సంవత్సరపు ఐటీ చట్టము 7వ సెక్షను చెప్పుచున్నది. ఈ వివరములన్నియు ఈమెయిలు శీర్షభాగమున దాగియుండును. ప్రింటులో కనబడవు, ఫోనులో తీసిన స్క్రీన్‌షాటులో అసలే కనబడవు. ఉత్తరమును ఈఎమ్ఎల్ ఫైలుగా సేవ్ చేసినచో అన్నియు చెక్కుచెదరక వచ్చును. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము విద్యుత్ పత్రమును కోర్టునకు సమర్పించువాడు సర్టిఫికెటుతోపాటు ఆ ఫైలు హ్యాష్ విలువను కూడ తెలుపవలసి ఉన్నది. ఫైలే లేనివాడు హ్యాష్ దేనికి తీయును?

మన ఊరు పుస్తక ప్రచురణకు పెట్టినది పేరు గనుక రచయితలకును, డీటీపీ చేయువారికిని ప్రత్యేకముగా ఒక మాట. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట ప్రాంతముల ప్రచురణకర్తలకు మీరు యూనికోడు రాకమునుపు పంపిన అటాచ్‌మెంట్లు, పేజ్‌మేకరులో ‘అను’ అనబడు ఫాంట్లతో కూర్చినవి, నేటికిని మీ పాత ఉత్తరములలో ఉండవచ్చును. ఉత్తరము పోలేదు, అటాచ్‌మెంటు పోలేదు. కాని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచి చూచినచో తెలుగునకు మారుగ లాటిన్ అక్షరముల గందరగోళము ప్రత్యక్షమగును, వెదకుటకును వీలుపడదు. ఫాంటున్న యంత్రము ఇంకను ఎక్కడనో ఒకచోట పనిచేయుచుండగనే వానిని పీడీఎఫ్‌గా మార్చుకొనుడు. వీలైనచో యూనికోడులోనికి కూడ మార్పించి రెండింటిని మూలముతో కలిపి ఉంచుడు. ఇది ఈమెయిలు ప్రోగ్రాము చేయగల సహాయము కాదు, మనుష్యుడు చేసికొనవలసినది.

చివరకు పరీక్ష. ప్రతి ఉన్నదని నమ్ముట వేరు, తెరచి చూచుట వేరు. ఈ ఆదివారము వైఫై ఆపివేసి, ఫోను హాట్‌స్పాటు కూడ కట్టివేసి, మీ ప్రోగ్రాములో మూడేండ్లనాటి ఉత్తరము నొకదానిని దాని అటాచ్‌మెంటుతో సహా తెరువుడు. పిదప హార్డ్‌డిస్కులోని ఎంబాక్స్ ఫైలును వేరొక కంప్యూటరులో తెరచి అదే ఉత్తరమును వెదకుడు. రెండుచోట్లను దొరకినచో మీరు చేయవలసినది ఏప్రిల్ వరకు ఏమియు లేదు. దొరకనిచో ఈ పుస్తకమునందలి తరువాతి అధ్యాయమును చదువుట ఆపి, నైరుతి ఋతుపవనములు రాకముందే ఈ పని ముగింపుడు.